హన్మకొండల ఇంటికొచ్చి ఐవీ (నరంల మందు ఎక్కిచ్చుడు) పెట్టే నర్సింగ్ సర్వీసులు రెండు వాడినం, నా రివ్యూ

ముందే చెప్తున్న, కొంచెం పొడుగైతది. రెండు సర్వీసుల గురించి రాస్తున్న, రెండిటి పేర్లూ పెడ్తలేను. మొదటిదాని మీద కోపం ఇంకా తగ్గలే, కోపంల ఉన్నప్పుడు పేరు పెట్టి రాయకు అని మా ఇంటామె అన్నది, ఇగ రెండోదాని పేరొక్కటే పెడ్తే పైసలు తీసుకొని రాసిండు అంటరు. అందుకే పేర్లు వదిలేయుండ్రి, జరిగింది చదువుండ్రి, రేపు మీ ఇంట్ల కూడా ఎవరికన్నా చేతికి క్యానులాతోని, అంటే నరంల ఉంచే సన్న గొట్టంతోని, డిశ్చార్జ్ చేస్తే పనికొస్తది.

మా అమ్మకు 68 ఏండ్లు, షుగర్ ఉన్నది. యూరిన్ ఇన్ఫెక్షన్ అని మొదలై కిడ్నీ దాకా పోయింది, రాత్రి రెండు గంటలకు దుప్పట్లు మూడు కప్పినా వణుకుడు ఆగలే. నాలుగు రోజులు హాస్పిటల్ల ఉన్నం. జ్వరం దిగినంక డాక్టర్ సాబ్ అన్నడు, ఇంకో ఐదు రోజులు ఇంజక్షన్ పడాలె, కానీ దానికోసం రూం కిరాయి దండుగ, ఇంటికాడ పెట్టిచ్చుకోండి అని. మంచిగనే అనిపించింది, అమ్మకు కూడా హాస్పిటల్ అన్నం పడ్తలేదు. డిశ్చార్జ్ చిట్టి మీద సాఫ్‌గ రాసి ఉన్నది: సెఫ్ట్రియాక్సోన్ (యాంటిబయాటిక్) 1 గ్రాము, 100 ఎంఎల్ ఎన్ఎస్‌ల (ఉప్పునీళ్ల సెలైన్ల) కలిపి 30 నిమిషాలల్ల, పొద్దుగాల ఒకటి సాయంత్రం ఒకటి. ఈ లైను గుర్తుపెట్టుకోండి, కథ అంతా దీని మీదనే.

మందులకు పోతే మెడికల్ షాపాయన రిజిస్టర్ తీసి డాక్టర్ పేరు, అమ్మ పేరు, ఎన్ని వయల్స్ అని రాసుకున్నడు. ఎందుకన్నా గింత రాస్తున్నవ్ అంటే ఇది షెడ్యూల్ హెచ్1 మందు, 2014 నుంచి రూల్, ఈ రిజిస్టర్ మూడేండ్లు దాచాలె అన్నడు. అప్పుడు ఊకున్న గానీ తర్వాత నాకు నవ్వొచ్చింది. మందు అమ్మేటోడు కొనేటోని పేరు రాసుకొని మూడేండ్లు దాస్తుండు, ఆ మందును నరంల ఎక్కిచ్చేటోడు ఎవడో, వాని చదువేందో అడిగే దిక్కే లేదు.

ఇగ మొదటి సర్వీస్. ఫోన్ల వెతికిన, ఇంటికే నర్సు, అరగంటల వస్తం, విజిట్‌కు 350 అని ఉన్నది. ఫోన్ ఎత్తినామె మస్తు తీయగ మాట్లాడింది, ఏం పెట్టాలె సార్, ఇంజక్షనా, సెలైనా, రెండూనా అని కూరగాయలు అడిగినట్టు అడిగింది. డాక్టర్ చిట్టి ఉందా అని మాత్రం అడగలే. నేను కూడా ఎవర్ని పంపుతున్నరని అడగలే, తప్పు నాది కూడా. నర్సు అంటే నర్సే అనుకున్న.

వచ్చిందేమో ఒక పోరడు, ఇరవై నాలుగో ఇరవై ఐదో ఏండ్లుంటయి, నీలి రంగు స్క్రబ్స్ వేసుకున్నడు, బండి మీద వచ్చిండు, హెల్మెట్ చేతిల పట్టుకొని అట్లనే మంచం కాడికి పోయిండు. చేతులు కడుక్కోలే. వయల్ల నీళ్లు పోసి ఊపి సిరంజిలకు గుంజుతుంటే నేను చిట్టి చూపిచ్చిన, 100 ఎంఎల్‌ల కలిపి అరగంట అని రాసిండు కదా తమ్మీ అని. "అదంతా హాస్పిటల్ లెక్క అన్నా, ఇంటికాడ డైరెక్టే, టైం వేస్ట్" అన్నడు. అని క్యానులా మూత తీసి, లోపల నరం తెరుచుకొనే ఉన్నదా లేదా అని చూడకుండ, పది అంకెలు లెక్కపెట్టేలోపల మొత్తం నూకిండు. అమ్మ "అయ్యో మంట మంట" అని చెయ్యి గుంజుకోబోయింది, వాడేమో కాసేపుంటే పోతది అమ్మమ్మా అన్నడు. సూదేమో మా చెత్తబుట్టల ఏసిండు, కింద ఇంకో కవర్ కూడా లేదు. మా గల్లీల పొద్దున్నే చెత్త ఆటో వస్తది, ఆ ఆటోలున్న ఆమె ఒట్టి చేతులతోనే తడి వేరు పొడి వేరు చేస్తది, ఆమె చేతికి గుచ్చుకుంటే ఎవరు జిమ్మేదారు.

సాయంత్రానికి క్యానులా పైన ఎర్రగ అయ్యింది, వేలు పెడ్తే వేడిగ, నరం తాడు లెక్క గట్టిపడ్డది.

రెండో డోసుకు మళ్ల వాడే వచ్చిండు. అప్పుడు అడిగిన, తమ్మీ నువ్వు ఏం చదివినవ్ అని. ఏం దాచలే పాపం, డీఎంఎల్టీ అన్నా అన్నడు. అంటే ల్యాబ్ టెక్నీషియన్. "రోజుకు ముప్పై మందికి బ్లడ్ తీస్త, నాకు నరం దొరకకపోవుడు అనేదే లేదు." నిజమే అయి ఉంటది, వాని చెయ్యి సాఫ్‌గనే ఉన్నది. కానీ నరం దొరకవట్టుడు వేరే పని, ఆ నరంల మందు పోసుడు వేరే పని. రక్తం తీసేటోడు బయటికి తీస్తడు, తప్పు చేస్తే శాంపిల్ పాడైతది, మళ్ల తీస్తడు. లోపలికి పంపింది వాపస్ రాదు. ఆ మందుకు ఎలర్జీ వస్తే ఏం చెయ్యాలె తమ్మీ అంటే "అట్ల ఏం కాదన్నా" అన్నడు. ఇంగ నాకు భయమైంది, వద్దులే పో అని 350 ఇచ్చి పంపిన. ఆ పూట డోసు కోసం ఆటోల హాస్పిటల్‌కే పోయి డే కేర్ల పెట్టిచ్చుకొని వచ్చినం.

ఆ రాత్రి మా అక్క బిడ్డ వీడియో కాల్ చేసింది, కాలిఫోర్నియాల ఉంటది, అక్కడ ఎల్‌వీఎన్‌గ చేస్తది. ఎల్‌వీఎన్ అంటే లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్, కాలిఫోర్నియా, టెక్సాస్‌లల్ల అట్ల అంటరు, మిగతా స్టేట్లల్ల అదే పనిని ఎల్‌పీఎన్, ప్రాక్టికల్ నర్స్ అంటరు. కోర్సు సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర, వాళ్ల పరీక్ష వేరే, ఎన్‌క్లెక్స్ పీఎన్ అని, ఆర్‌ఎన్‌లకు, అంటే రిజిస్టర్డ్ నర్సులకు, ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్. మన దగ్గర ఆడిపిల్లల్ని అమెరికాకు నర్సుగ పంపాలని కోచింగులు తిరిగేటోళ్లకు ఈ తేడా ముందుగాల చెప్తే బాగుండు, అది వేరే ముచ్చట.

అమ్మ చెయ్యి చూపిచ్చిన. చూసి దాని మొఖం మారింది. ముందు అడిగిందే అది, "మామా, పెట్టింది ఎవరు, వాళ్ల లైసెన్స్ ఏంది?" అని. చెప్పిన. కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత అన్నది: "మామా, నేను ఇక్కడ ఐవీ సర్టిఫికేషన్ చేసిన ఎల్‌వీఎన్‌ను, డాక్టర్ ఆర్డర్ ఉంటే నేను క్యానులా వేయొచ్చు, సెలైన్ పెట్టొచ్చు, బ్లడ్ కూడా ఎక్కియ్యొచ్చు, కానీ అమ్మమ్మకు పెడ్తున్న ఆ యాంటిబయాటిక్ నేను ఐవీల ఇయ్యొద్దు. ఆర్‌ఎన్ రావాలె."

నాకైతే తలకెక్కలే. రక్తం ఎక్కియ్యనిచ్చి మందు ఇయ్యనియ్యకపోవుడేంది. అంటే అక్కడ చట్టంల అట్లనే రాసిన్రంట, ఎల్‌వీఎన్ ఐవీ ఫ్లూయిడ్స్ పెట్టొచ్చు, ఫ్లూయిడ్స్ అంటే ఏమేమి అనేది కూడా రాసిన్రు, ఉప్పులు, పోషకాలు, విటమిన్లు, రక్తం, రక్తం నుంచి తీసేవి. ఐవీ మందు ఆ లిస్టుల లేదు. లేనిదాన్ని ముట్టొద్దు. దాని ఫ్రెండ్ ఒకామె ఫ్లోరిడాల ఎల్‌పీఎన్ అంట, అక్కడ ఉల్టా. ఎల్‌పీఎన్ చదివినంక 30 గంటల ఐవీ కోర్సు చేస్తే ఆర్‌ఎన్ చెప్పుచేతల యాంటిబయాటిక్ బ్యాగు తగిలియ్యొచ్చు, సెంట్రల్ లైన్, అంటే గుండె దగ్గరి పెద్ద నరం దాకా పోయే పైపు, ముట్టాలంటే దాని గురించి కనీసం 4 గంటల పాఠం అయి ఉండాలె, కానీ రక్తం మొదలుపెట్టుడు ఆమె పని కాదు, కీమో (క్యాన్సర్ మందు) అసలే కాదు. అంటే ఒకే చదువు, ఒకే పరీక్ష, ఒక స్టేట్ల ఒప్పు ఇంకో స్టేట్ల తప్పు. "మరి నీకు రాదా ఆ పని?" అన్న. "రాదని ఎవరన్నరు మామా, మస్తుగ వస్తది. వచ్చుడు వేరే, చెయ్యొచ్చుడు వేరే. చేస్తే నర్సింగ్ బోర్డుకు పోతది, లైసెన్స్ పోతది." అన్నది.

ఆ డీఎంఎల్టీ పోరడు మళ్ల యాదికొచ్చిండు. వానికి కూడా మస్తుగ వస్తది కదా.

మన దగ్గర సంగతి వేరే. అక్కడి ప్రాక్టికల్ నర్సుకు ఇక్కడ అచ్చంగ సరిపోయేది లేదు. మనకు ఏఎన్ఎం రెండేండ్లు, జీఎన్ఎం మూడేండ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేండ్లు. ఏఎన్ఎం కోర్సు అసలు ఊర్లల్ల సబ్ సెంటర్ పని కోసం, టీకాలు, గర్భిణుల చెకప్, కాన్పులు, మన ఏఎన్ఎం అక్కలు చేసే చాకిరీ అందరికీ తెలుసు. కాన్పుల రక్తం పోతుంటే, ఫిట్స్ వస్తే పెద్ద హాస్పిటల్‌కు పంపేలోపల కొన్ని సూదులు ఇయ్యనీకె గవర్నమెంట్ వాళ్లకు ట్రైనింగ్ ఇచ్చి పర్మిషన్ ఇచ్చింది, అది ప్రాణం మీదికొచ్చినప్పటి సంగతి, ప్రైవేటు ఏజెన్సీ కింద ఇంటింటికీ తిరిగి యాంటిబయాటిక్‌లు పెట్టమని కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947ది, అది ఎక్కువగ చదువు గురించీ రిజిస్ట్రేషన్ గురించీ చెప్తది, ఫలానా నర్సు ఫలానా సూది నూకొచ్చు నూకొద్దు అని ఫ్లోరిడాల లెక్క లైను లైనుగ పట్టిక ఉండదు. 2023ల దాని జాగల కొత్త చట్టం తెచ్చిన్రు, నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం. అంటే పట్టిక లేదు కాబట్టి ఇక్కడ మనకు చేతిల ఉన్నవి మూడే, ఆమె రిజిస్ట్రేషన్, డాక్టర్ రాసిన ఆర్డర్, ఆ పనిల ఆమెకున్న ట్రైనింగ్. ఈ మూడిట్ల ఒకటి లేకున్నా ఇంట్ల చెయ్యి చాపొద్దు అని మా మేనకోడలు అన్నది, నాకు సబబే అనిపిచ్చింది.

ఇగ రెండో సర్వీస్.

ఇది మా ఆఫీసుల ఒకాయన చెప్పిండు, వాళ్ల నాన్నకు తుంటి ఆపరేషన్ అయినప్పుడు వాడిండంట. ఫోన్ చేస్తే విజిట్‌కు 600 అన్నరు, డబల్‌కు దగ్గర దగ్గర, ముందు నాకు గుండె కలుక్కుమన్నది. కానీ ఫోన్ల ఆయన రేటు చెప్పకముందే డిశ్చార్జ్ చిట్టి ఫోటో పంపమన్నడు, చూసి ఫోన్ చేసి ఈ మందు హాస్పిటల్ల ఎన్ని డోసులు పడ్డయి, దద్దులు గిట్ల ఏమన్నా వచ్చినయా, పెన్సిలిన్ పడదా అని అడిగిండు. హాస్పిటల్ల ఒక్క డోసు కూడా పడకపోతే ఇంట్ల మొదటి డోసు వాళ్లు పెట్టరంట. అది నచ్చింది నాకు.

పొద్దున ఏడింటికి వస్త అన్న సిస్టర్ ఏడూ నలభైకి వచ్చింది, కాజీపేట నుంచి రావాలె, ఫాతిమానగర్ కాడ ట్రాఫిక్ అన్నది. పొద్దున ఏడింటికి ఏం ట్రాఫిక్ అనుకున్న లోపల. ఇది మైనస్, రాస్తున్న. నాలుగు రోజులల్ల మూడు సార్లు లేటు. యాంటిబయాటిక్‌కు టైం ముఖ్యం అని వాళ్లే అంటరు, వాళ్లే లేటు వస్తరు.

కానీ వచ్చినంక ఆమె చేసింది చూడాలె. ముందు బాత్రూంల చేతులు కడిగింది, సబ్బుతోని, మోచేతి దాకా. అడగకముందే ఆమె ఐడీ కార్డు చూపిచ్చింది, జీఎన్ఎం, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్, ఇంకోటి ఎన్‌యూఐడీ అని దేశమంతా నర్సులకు ఇచ్చే నంబర్ కార్డు. ఎందుకు చూపిస్తున్నవ్ బిడ్డా అని అమ్మ అంటే "మీ ఇంట్లకు వచ్చి మీ నరంల మందు పోస్తున్న అమ్మా, నేనెవరో మీకు తెల్వాలె కదా" అన్నది. నేను కార్డును ఫోటో తీసుకోవాల్నా అంటే తీసుకో సార్ అన్నది.

తర్వాత చెయ్యి చూసింది. ఎర్ర అయిన కాడ వేలుతోని కాదు, వేలి వెనక భాగంతోని తాకి చూసింది, వేడి అట్లనే తెలుస్తదంట. క్యానులా మీద ప్లాస్టర్ మీద తేదీ వెతికింది. రాసి లేదు. ఇది ఎన్ని రోజులది అంటే ఐదు రోజులు. "ఇది ఇగ పనికిరాదు" అని తీసేసింది, గులాబీ రంగుది, 20 నంబర్. రెండో చేతికి నీలి రంగుది వేసింది, 22 నంబర్, సన్నగుంటది, పెద్దోళ్ల నరాలకు ఇదే చాలు అన్నది. ఒక్కసారికే దొరికింది, కానీ దొరకవట్టేముందు చెయ్యి కిందికి వేలాడదీసి, గోరువెచ్చటి బట్ట పెట్టి ఐదు నిమిషాలు ఊకున్నది. ఆ పోరడైతే ఆ ఐదు నిమిషాలల్ల ఇంకో ఇంటికి పోయేటోడు. ప్లాస్టర్ మీద పెన్నుతోని తేదీ, టైం రాసింది. 5 ఎంఎల్ ఎన్ఎస్ మెల్లగ పంపి, వాపు రాలే, నొప్పి లేదు అని చూసినంకనే మందు దాకా పోయింది.

100 ఎంఎల్ బాటిల్ల మందు కలిపి మా పూజ గది తలుపు మేకుకు తగిలిచ్చింది, స్టాండ్ లేదు కదా. సెట్టు మీద 20 చుక్కలు ఒక ఎంఎల్ అని ఉంటది. నాకు లెక్క చెప్పుకుంటనే చేసింది, 100 ఎంఎల్ అంటే రెండు వేల చుక్కలు, అరగంటల పోవాలంటే నిమిషానికి 66, 67, అంటే పదిహేను సెకన్లకు 16, 17. గడియారం చూసుకుంట చక్రం తిప్పుకుంట లెక్కపెట్టింది, మూడు సార్లు. మా చిన్నోడు కూడా పక్కన నిలబడి లెక్కపెట్టిండు, వానికి అప్పటి సంది అదే ఆట. మొదటి పది నిమిషాలు సిస్టర్ ఫోను ముట్టలే, అమ్మ మొఖం చూసుకుంట కూసున్నది, దురద ఉందా, గొంతుల పట్టినట్టున్నదా, ఊపిరి మంచిగ ఆడ్తుందా అని. బ్యాగుల అడ్రినలిన్ ఆంపూల్ చూపిచ్చింది, ఎలర్జీ గట్టిగ వస్తే ఇది తొడ కండకు పెట్టి 108కు ఫోన్ చేసుడే, మా డాక్టర్ రాసిచ్చిన కాయిదం ఇదిగో అని. ఆ కాయిదం కూడా లామినేషన్ చేసి పెట్టుకున్నది.

సూది, తీసేసిన క్యానులా ఆమె తెచ్చుకున్న గట్టి ప్లాస్టిక్ డబ్బల ఏసింది, తెల్లది, మూత పడితే మళ్ల రాదు. 2016 బయో మెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం సూదులు దాంట్లనే, ఐవీ సెట్టు ఎర్ర కవర్ల. మా ఇంట్ల ఏమీ వదలలే. చెత్త ఆటో ఆమె యాదికొచ్చింది నాకు.

ఇప్పుడు అసలు ముచ్చట, నేను ఈ రివ్యూ రాసుడు మొదలుపెట్టిందే దీని కోసం.

మూడో రోజు మా చిన్నమ్మ పరకాల నుంచి వచ్చింది అమ్మను చూడనీకె. అక్క ఎంత చిక్కిపోయింది, మొఖంల రక్తం చుక్క లేదు అని మొదలుపెట్టింది. సిస్టర్ వచ్చేసరికి చిన్నమ్మ సంచిలకెల్లి రెండు తీసింది, ఒకటి పసుపు రంగు బలం బాటిల్ల కలిపే విటమిన్ సూది, ఇంకోటి ఐరన్ ఇంజక్షన్. ఊర్ల మెడికల్ షాపుల తెచ్చిందంట. "ఎట్లాగూ సూది గుచ్చే ఉన్నది కదా బిడ్డా, దాంట్లకెల్లే ఇవి కూడా ఎక్కియ్యి, పైసలు కావాలంటే నేనిస్త" అన్నది. నిజం చెప్తున్న, నాకు కూడా అదే కరెక్ట్ అనిపిచ్చింది. పైపు ఉన్నది, బాటిల్ ఉన్నది, నర్సు ఉన్నది, ఇంకేం కావాలె.

సిస్టర్ ఆ డబ్బలు చేతిల పట్టుకొని చూసి, మళ్ల చిన్నమ్మ చేతిలనే పెట్టింది. "డాక్టర్ రాయలే అమ్మా, నేను పెట్ట."

చిన్నమ్మకు కోపమొచ్చింది. మా ఊర్ల ఆరెంపి డాక్టర్ అయితే అడగంగనే పెడ్తడు, నువ్వు చదువుకున్నదానివి నీకు రాదా అన్నది. సిస్టర్ నవ్వింది, కోపం రాలే ఆమెకు, ఇసొంటివి రోజూ చూస్తుంటది కావచ్చు. "ఆయన పెడ్తడు అమ్మా. పెట్టి ఏమన్నా అయితే ఊరు వదిలి పోతడు. నేను పెడ్తే నా రిజిస్ట్రేషన్ పోతది, మూడేండ్లు చదివిన చదువు పోతది. విటమిన్ అయితే డాక్టర్‌తోని ఫోన్ల మాట్లాడి చిట్టి పంపమనుండ్రి, రాస్తే పెడ్త. ఐరన్ రాసినా ఇంట్ల పెట్ట, దానికి మనిషి ధడాలున పడిపోతరు ఒక్కొక్కసారి, అది హాస్పిటల్లనే, పక్కన డాక్టర్ ఉండంగ. అసలు జ్వరం ఇన్ఫెక్షన్ నడిచేటప్పుడు ఐరన్ ఎక్కియ్యరు కూడా."

డాక్టర్ సాబ్‌కు ఫోన్ కొట్టిన నేనే. ఆయన చెప్పింది అదే, ఐరన్ ఇప్పుడు వద్దే వద్దు, విటమిన్ సూది అవసరమే లేదు, అన్నం పప్పు గుడ్డు తినమను అన్నడు. చిన్నమ్మ ఆ రోజు సిస్టర్‌కు చాయ్ ఇయ్యలే. మళ్ల నాలుగో రోజు తనే పెట్టి ఇచ్చింది, బెల్లం చాయ్.

నాలుగో రోజు కూడా ఒకటి అయ్యింది. పొద్దున 100 జ్వరం చూపిచ్చింది, నేను గాబరపడి డోసు డబల్ చెయ్యొద్దా సిస్టర్ అన్న. ఆమె బీపీ, నాడి, షుగర్, జ్వరం ఒక చిట్టి మీద రాసి, డాక్టర్‌కు నా ఫోన్లకెల్లే పంపిచ్చి, ఆయన జవాబొచ్చేదాకా ఇరవై నిమిషాలు కూసున్నది. జవాబు అదే డోసు, పారాసిటమాల్, సాయంత్రం దాకా చూడుండ్రి అని. ఆ ఇరవై నిమిషాలకు ఎక్స్‌ట్రా తీసుకోలే.

మేనకోడలుకు ఇది చెప్తే అది మస్తు ఖుష్ అయ్యింది. మామా, ఇక్కడ మాకు క్లాసులల్ల చెప్పేది ఇదే, ఐవీల ఏం చెయ్యాలో రాసిచ్చేటోళ్లు వేరే, చేసేటోళ్లు వేరే, చేసేటోళ్లకు కాదని చెప్పే హక్కు ఉన్నది అన్నది. నాకు మాత్రం వేరే అనిపిచ్చింది, ఇక్కడ ఆ సిస్టర్‌కు ఏ బోర్డు పట్టిక పక్కన లేదు, ఏజెన్సీ ఓనర్‌కేమో బలం బాటిల్ పెడ్తే ఇంకో 600 వచ్చేది, ఇంటోళ్లేమో పెట్టు పెట్టు అంటున్నరు, అయినా పెట్టలే. అక్కడ చట్టం చేసే పని ఇక్కడ ఒక్క మనిషి చేసుకుంటుంది. ఎంతమంది అట్ల చేస్తరు.

ఇగ మైనస్‌లు. లేటు సంగతి చెప్పిన. బిల్లు అడిగితే రెండు రోజులు తిప్పిన్రు, ఫోన్‌పే చేస్తే రసీదు రాదు, ఇన్సూరెన్స్‌ల పెట్టుకుందామంటే కాయిదం కావాలె కదా. చివరికి ఇచ్చిన బిల్లుల క్యానులా రెండు అని రాసిన్రు, వేసింది ఒకటే, ప్లాస్టర్ మీద తేదీ కూడా ఉన్నది, చూపిస్తే తీసేసిన్రు. ఆదివారం 100 ఎక్కువ తీసుకున్నరు, ముందు చెప్పలే. రేటు ఎక్కువ, పది పూటలల్ల ఎనిమిది వీళ్లతోని అయితే అన్నీ కలిపి ఆరు వేల దాకా అయ్యింది, హాస్పిటల్ రూం కంటే తక్కువే గానీ చిన్న మొత్తం కాదు. రోజుకు రెండు పూటలు ఒకే సిస్టర్ రాదు, సాయంత్రం ఒకసారి వేరే ఆమె వచ్చింది, ఆమె కూడా జీఎన్ఎంనే కానీ చుక్కల లెక్క ఇంత ఓపికగ చెయ్యలే, అంచనాతోని వదిలింది, అడిగితే సరిచేసింది.

స్టార్లు అంటే మొదటిదానికి ఒకటి, అది కూడా ఆ పోరడు అబద్ధం చెప్పలే కాబట్టి. వాన్ని పంపినోళ్లకు సున్నా. రెండోదానికి నాలుగు. సిస్టర్‌కు వేరేగ ఇచ్చే వీలుంటే ఐదు, అది కూడా పెట్టిన సూదులకు కాదు, పెట్టనన్న సూదికి.

అడిగేటోళ్లు ఉంటరు కాబట్టి చెప్తున్న, ఫోన్ చేసినప్పుడు నర్సు వస్తదా అని అడగకుండ్రి, అందరూ వస్తదనే అంటరు. వచ్చే మనిషి చదువు ఏంది, రిజిస్ట్రేషన్ నంబర్ పంపుతరా, ఎలర్జీ వస్తే ఏం చేస్తరు, వాడిన సూదులు ఎవరు తీస్కపోతరు అని అడుగుండ్రి. నేను తర్వాత ఇంకో రెండు చోట్ల ఊకెనే ఫోన్ చేసి అడిగిన, ఒకాయన "మా దగ్గర అందరూ ఎక్స్‌పీరియన్స్ ఉన్నోళ్లే సార్" అని మూడు సార్లు అదే మాట అని పెట్టేసిండు.

అమ్మ ఇప్పుడు మంచిగున్నది. మళ్ల యూరిన్ కల్చర్ చేపిచ్చినం, సాఫ్ వచ్చింది. మొదటి చేతి మీద గట్టిపడ్డ నరం ఇంకా పోలే, హెపారిన్ ఉన్న ఆయింట్‌మెంట్ రాసుకోమని డాక్టర్ ఇచ్చిండు, రాస్తున్నం.

అప్‌డేట్: మొదటి సర్వీసోళ్లకు ఫోన్ చేసి జరిగింది చెప్పి రెండు విజిట్ల పైసలు వాపస్ అడిగిన. ఒకదానికే ఇచ్చిన్రు. రెండోదానికి మా అబ్బాయి ఇంటి దాకా వచ్చిండు కదా సార్, పెట్రోల్ అయ్యింది అన్నరు.